అల్మారాలో తాళం వేసిన టెస్టర్

పోయిన వానాకాలం మా వీధిలో నెట్ పోయింది. నిజామాబాద్‌లో వాన పడితే నెట్ పోవడం వింత కాదు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. మధ్యాహ్నానికి ఒక టెక్నీషియన్ వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, చేతిలో పనితనం ఉంది. స్తంభం మీది డబ్బా విప్పి, మా ఇంటిది అనుకుని ఒక ఫైబర్ కత్తిరించాడు. అది మా ఇంటిది కాదు, వీధి చివర ఉన్న రక్తపరీక్షల ల్యాబుది. ఐదు నిమిషాల్లో ల్యాబు మనిషి పరుగెత్తుకొచ్చి అతణ్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. అతను నిచ్చెన మీద నిలబడే అన్నీ పడ్డాడు.

ల్యాబు మనిషి వెళ్లాక నేను గేటు దగ్గరి నుంచి అడిగాను. "తమ్మీ, ఫైబర్‌ల వెలుగు నడుస్తుందా లేదా అని సూపెట్టే మిషన్ ఉంటది గదా. కొయ్యకుండనే తెలుస్తది. నీ తాన లేదా?"

"ఉన్నది అంకుల్. ఆఫీసుల సార్ తాన, అల్మారల తాళమేసి ఉంటది. పోతే పరేషాన్ అని బయటికి ఇయ్యరు."

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు. ఈ మాట నేను బోధన్‌లో ఎన్నో ఏళ్ల కిందట విన్నాను. తీగ మారింది, కంపెనీ మారింది, మిషన్ మారింది. ఆ అల్మారా మాత్రం మారలేదు, దాని తాళం చెవి జేబులో పెట్టుకుని తిరిగే సారూ మారలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వాటి వల్ల నేనే ఏమీ నేర్చుకోలేదు, మీరేం నేర్చుకుంటారు? సాయిలు అనే ఒక మనిషి ఉద్యోగం ఎట్లా పోయింది, అందులో నా చెయ్యి ఎంత ఉంది అన్నదే రాస్తాను. తీగల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదివితే చాలు.

చెవితో చేసిన ఉద్యోగం

నేను టెలిఫోన్ కేబుళ్లు అతికే పనిలో చేరాను. సగం నౌకరీ బోధన్‌లో, మిగతా సగం నిజామాబాద్‌లో. బోధన్ చుట్టుపక్కల నల్లరేగడి. వాన పడితే ఆ మట్టి నీళ్లు వదలదు. భూమిలో మేం వేసిన అతుకులన్నీ వారాల తరబడి తడిలో నానేవి. చెరకు కొట్టే రోజుల్లో బండ్ల మీద గడలు ఎంత ఎత్తు వేసేవాళ్లంటే, రోడ్డు దాటించిన తీగలు వాటికి తగులుకుని ఫ్యాక్టరీ గేటు దాకా పోయేవి. ఎలుకలు వేరే. అందుకే మాకు పని ఎప్పుడూ తక్కువ కాలేదు.

పని తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్తాను. ఒక ఫోన్‌కు రెండు రాగి తీగలు కావాలి. ఆ రెండింటినీ కలిపి జత అంటాం. లావు కేబుల్‌లో వందల జతలుంటాయి. ఎక్స్ఛేంజ్ నుంచి బయలుదేరిన కేబుల్ వీధి మూలల్లో ఇనుప పెట్టెల్లో తేలుతుంది. నడుమెత్తు ఉండే ఆ పెట్టెను పిల్లర్ అంటారు. అక్కడి నుంచి ఇళ్లకు చిన్న కేబుళ్లు పోతాయి. ఎవరి ఫోన్‌కైనా జత పాడైతే, పిల్లర్ తెరిచి, ఎవరూ వాడని జత ఒకటి వెతికి, వాళ్లకు మార్చి ఇవ్వాలి. రోజూ చేసే పని ఇదే.

ఖాళీ జత ఏదో ఎట్లా తెలుస్తుంది? కాగితాల మీద ఉండాలి. ఉండేది కాదు. అందుకని మా దగ్గర టెస్ట్ ఫోన్ ఉండేది, కొసలకు రెండు పట్టుకునే క్లిప్పులతో. జతకు క్లిప్పులు పెట్టి చెవికి ఆనిస్తే, వాడుకలో ఉన్న జత అయితే డయల్ టోన్ వస్తుంది, లేదా ఇద్దరు మాట్లాడుకునే మాటలు వినిపిస్తాయి. ఏమీ వినిపించకపోతే ఖాళీ. నాకు పని నేర్పిన జాయింటర్ రాజన్న మొదటి రోజే చెప్పాడు: "సప్పుడు లేకుంటే ఖాళీ. తీస్కో." నేను కూడా నా తర్వాత వచ్చినవాళ్లకు అదే నేర్పాను. సాయిలుకు నేర్పింది నేనే.

సాయిలుది మోస్రా. రోజూ బస్సులో బోధన్ వచ్చేవాడు. నాకన్నా రెండు మూడేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు. పేరుకు దినకూలీ గాని ఏళ్ల తరబడి మాతోనే పనిచేశాడు. గుంత తవ్వడం దగ్గరి నుంచి అతుకు వేయడం దాకా అన్నీ వచ్చు. అతను వేసిన అతుకులోకి నీళ్లు పోయిన దాఖలా నేను చూడలేదు. అతనితో పాటు చేరినవాళ్లు కొందరు పర్మినెంట్ అయ్యారు. అతని పేరు ఎప్పుడూ జాబితాలో ఒక మెట్టు కింద ఆగిపోయేది. చివరికి అతని వంతు వచ్చింది. కాగితాలు నిజామాబాద్ నుంచి పైకి పోయాయని, ఇక ఒకటి రెండు నెలలే అని అందరం అనుకున్నాం. ఆ రోజుల్లోనే ఇదంతా జరిగింది.

నేను చేసింది పొరపాటట

దానికన్నా ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే మీకు అన్యాయం ఎక్కడుందో తెలియదు.

కంప్యూటర్లు వచ్చాక అవే రాగి జతల మీద డిజిటల్ లైన్లు నడపడం మొదలుపెట్టారు. బ్యాంకులు, కాలేజీలు, టికెట్ల కౌంటర్లు, అన్నిటికీ మా కేబుళ్లే దిక్కు. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ లైన్లలో మాటలుండవు, డయల్ టోన్ ఉండదు. టెస్ట్ ఫోన్ పెడితే ఏమీ వినపడదు, మరీ చెవి ఆనిస్తే సన్నగా గాలి వీచినట్టు ఉంటుంది. రోడ్డు పక్కన లారీలు పోతుంటే అది ఎవడికి వినిపిస్తుంది? పైగా టెస్ట్ ఫోన్ క్లిప్పు తగిలించడమే ఆ లైన్‌కు దెబ్బ. కోయనక్కర్లేదు, ముట్టుకుంటేనే ఆ సిగ్నల్ చెదిరిపోతుంది.

ఒకసారి నిజామాబాద్‌లో మనుషులు చాలక బోధన్ నుంచి మమ్మల్ని కొన్నాళ్లు పంపారు. అక్కడ ఒక పిల్లర్ దగ్గర నేను ఇట్లాగే ఖాళీ జత వెతుకుతూ క్లిప్పు పెట్టాను. చప్పుడు లేదు. ఖాళీ అనుకుని, ఆ జతను అవతలి కేబుల్‌కు కలిపే జంపర్ తీగ పీకేశాను. అప్పుడు టికెట్ల రిజర్వేషన్ కౌంటర్ ఆగిపోయింది. వరుసలో ఉన్నవాళ్లు గోల చేశారని తర్వాత తెలిసింది. ఎక్స్ఛేంజ్ నుంచి ఫోన్ వస్తే తీగ మళ్లీ తగిలించాను. కొంతసేపటికి లైన్ లేచింది. మా అప్పటి ఆఫీసర్ ఏమన్నాడో తెలుసా? "పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలే, చూసి చేయండి" అన్నాడు. అంతే. మెమో లేదు, విచారణ లేదు. నేను పర్మినెంట్ మనిషిని, యూనియన్‌లో పేరుంది.

రాజన్న మాత్రం ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఎర్ర మొలతాడు దారం ఉండ ఒకటి కొనుక్కొచ్చాడు. ఎక్స్ఛేంజ్‌లో కూర్చుని ఏ డిజిటల్ లైన్ ఏ జత మీద పోతుందో అడిగి రాసుకున్నాడు. తర్వాత సైకిల్ వేసుకుని ఒక్కో పిల్లర్ తెరిచి, ఆ జతలకు ఎర్ర దారం కట్టాడు. బోధన్ పిల్లర్లలో కట్టడానికి నన్నూ సాయిలునూ వెంట తీసుకుపోయాడు. "ఎర్ర దారం ఉన్నదాన్ని ముట్టొద్దు. సప్పుడున్నా ముట్టొద్దు, లేకున్నా ముట్టొద్దు" అన్నాడు. కొత్త లైన్ వచ్చినప్పుడల్లా సాయిలే దారం కట్టి వచ్చేవాడు. రాజన్న రిటైరైన తర్వాత కూడా ఏళ్ల తరబడి మా దగ్గర ఒక్క డిజిటల్ లైన్ పొరపాటున తెగలేదు. ఏ ఇంజనీరూ మాకు ఇంత మేలు చేయలేదు.

టెస్టర్ వచ్చింది, దారాలు పోయాయి

తర్వాత ఒక కొత్త ఇంజనీరు సారు బోధన్‌కు బదిలీ మీద వచ్చాడు. చెడ్డవాడు అనలేను. టైముకు వచ్చేవాడు, ఎవరి దగ్గరా చేయి చాచలేదు. ఆయన భయం ఒక్కటే, తన మీదికి ఏదీ రాకూడదు. ముప్పై ఏళ్లలో నేను చూసిన నష్టంలో ఎక్కువ భాగం లంచగొండుల వల్ల కాదు, ఇట్లాంటి భయస్తుల వల్లే జరిగింది.

ఆయన వచ్చిన కొత్తలోనే పైనుంచి ఒక టెస్టర్ పంపారు. అరచేతిలో పట్టేంత పసుపు డబ్బా, దానికి సూది మొనలున్న రెండు తీగలు. జత మీద సూదులు ఆనిస్తే, మాటల లైన్ అయితే పచ్చ దీపం, డిజిటల్ లైన్ అయితే ఎర్ర దీపం వెలిగేది. లైన్‌కు ఏ దెబ్బా తగలదు. రేడియోలో వేసే చదరపు బ్యాటరీ ఒకటి వేస్తే చాలు. సారు ఎక్స్ఛేంజ్‌లో అందరినీ నిలబెట్టి చూపించాడు. నాకు సంబరమైంది. చెవిని నమ్ముకుని బతికినవాడికి కళ్లు ఇచ్చినట్టు అనిపించింది.

ఆ వారమే పెద్ద ఆఫీసర్ల తనిఖీ ఉంది. సారు పిల్లర్లు తిరిగి చూసి ముఖం చిట్లించాడు.

"ఏమిటీ దారాలు? ఇది టెలిఫోన్ పిల్లరా, దర్గానా? వాళ్లు చూస్తే నవ్విపోతారు. మనకు ఇప్పుడు టెస్టర్ ఉంది కదా. అన్నీ తీసేయండి."

"సార్, గవి గుర్తుకు కట్టినయి" అన్నాడు సాయిలు.

"నీకు చెప్పిన పని చెయ్యవయ్యా."

నేను నోరు మెదపలేదు. కట్టర్ తీసుకుని నేనూ సాయిలూ రెండు రోజులు తిరిగి దారాలన్నీ తెంపేశాం. తనిఖీ బాగా జరిగింది. సారును మెచ్చుకున్నారు. తనిఖీ అయిన సాయంత్రమే టెస్టర్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి అల్మారాలో తాళం వేశాడు.

నేను రెండుసార్లు అడిగాను, అది కూడా చెప్పాలి. మొదటిసారి సారు సెలవులో ఉన్నాడు, తాళం చెవి ఆయనతోనే హైదరాబాద్ పోయింది. రెండోసారి "తీసుకో, కానీ పోయినా పగిలినా పూర్తి బాధ్యత నాదే అని రాసి ఇవ్వు" అన్నాడు. నేను వెనక్కి తగ్గాను. టెస్ట్ ఫోన్ భుజాన వేసుకుని వెళ్లిపోయాను. ఆయన భయం నాకూ అంటుకుంది. ఇక అడగలేదు.

చూశారా, ఎంత చక్కగా చేశామో! దారం ఉన్నంత కాలం టెస్టర్ అవసరం రాలేదు. టెస్టర్ వచ్చిందని దారం తీసేశాం. టెస్టర్ అల్మారాలో పెట్టేశాం. చివరికి లైన్‌మన్ చేతిలో మిగిలింది మళ్లీ చెవే, దానితో పాటు నేను నేర్పిన పాత మాట.

శక్కర్‌నగర్ ఫోన్

ఆ ఏటి వానాకాలం బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో ఒక పెద్దాయన ఇంటి ఫోన్ మూగబోయింది. పేరు అక్కర్లేదు, ప్రతి ఊళ్లో ఉండే పెద్దాయనే. పొద్దున తొమ్మిది నుంచి ఆయన మనుషులు సారును సెల్‌లో వాయిస్తున్నారు. సారు వరండాలోకి వచ్చి సాయిలును పిలిచాడు. నేను అక్కడే జంపర్ తీగ చుట్టుకుంటున్నాను.

"అరగంటలో ఆయన ఫోన్ మోగాలి. ఏ జత అయినా సరే, తీసి ఇచ్చేయ్."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. మధ్యలో ఇంకెవరూ లేరు.

సాయిలు పోయి పిల్లర్ తెరిచాడు. ఆ కేబుల్‌లో నీళ్లు చేరి సగం జతలు బరబరమంటున్నాయి. మిగతావాటిలో ఒకటి మాత్రం శుభ్రంగా ఉంది. దారాలు పోయాక వందల జతల్లో ఏది ఏదో అతనికి మాత్రం ఎట్లా గుర్తుంటుంది? చప్పుడు లేదు. జంపర్ పీకి పెద్దాయనకు ఇచ్చేశాడు. అరగంట కూడా పట్టలేదు. ఫోన్ మోగింది. సారు సంతోషించాడు.

ఆ జత బోధన్‌లోని ఒక కాలేజీకి పోయే డిజిటల్ లైన్. ఆ కాలేజీలో ఆ రోజు ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ నడుస్తోంది. పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని కాలేజీలు ఎంచుకోవాలి. అది చివరి రోజు. వర్ని నుంచి, కోటగిరి నుంచి, నవీపేట్ నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి ఉన్నారు. తెరలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

రెండు గంటలు ఎవరికీ అర్థం కాలేదు. కాలేజీవాళ్లు తమ డబ్బాలు ఆపి వేసి చూసుకున్నారు. మేం ఎక్స్ఛేంజ్‌లో కార్డులు మార్చి చూశాం. చివరికి నేనే మీటర్ పెట్టి కొలిస్తే, లైన్ పిల్లర్ దగ్గరే తెగి ఉందని తేలింది. బండి వేసుకుని పోయాను. సాయిలు ఇంకా అక్కడే ఉన్నాడు, పక్క జతల తడి ఆరబెడుతూ. నేను ఆ జంపర్ వైపు చూపించగానే అతని ముఖం పాలిపోయింది.

"అన్నా, సప్పుడు లేకుండె. రెండుసార్లు విన్న. సప్పుడే లేకుండె."

తిట్టబోయి ఆగాను. అతను అన్నది నా మాటే.

తీగ మళ్లీ తగిలించాం. లైన్ లేచింది. గడువు కొంత పొడిగించారు, పిల్లలందరూ తమ ఎంపికలు నింపగలిగారు. ఏ పిల్లాడికీ సీటు పోలేదు. కానీ అప్పటికే కాలేజీ ముందు ధర్నా అయింది, కలెక్టరేట్‌కు కబురు పోయింది, మా పై ఆఫీసు నుంచి సారుకు చీవాట్లు పడ్డాయి. ఎవరో ఒకరి నెత్తిన రుద్దాలి. రుద్దడానికి దినకూలీ నెత్తి కన్నా సుళువైనది ఏముంది?

ఒకే ఒక్క ప్రశ్న

విచారణకు నిజామాబాద్ నుంచి ఒక ఆఫీసర్ వస్తాడన్నారు. ముందురోజు మధ్యాహ్నం సారు నన్ను గదిలోకి పిలిచి అల్మారా తెరిచాడు. టెస్టర్ ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. మీట నొక్కితే ఏ దీపమూ వెలగలేదు. వెనక మూత తీసి చూశాను. బ్యాటరీ కారిపోయి, లోపలి రేకులకు పచ్చని తుప్పు పట్టి ఉంది. నెలల తరబడి ఎవరూ ముట్టని వస్తువు అట్లాగే అవుతుంది.

"కొంచెం బాగుచేసి పెట్టు" అన్నాడు సారు. గొంతు చాలా మెత్తగా ఉంది. "అన్నట్టు, నీ నిజామాబాద్ ట్రాన్స్‌ఫర్ కాగితం నా టేబుల్ మీదే ఉంది. పిల్లల చదువులు అన్నావు కదా, పంపేద్దాం."

నేను గరుకు కాగితంతో ఆ తుప్పు గీకాను. కొత్త బ్యాటరీ తెచ్చి వేశాను. సూదులు ఆనించి చూశాను. ఎర్ర దీపం, పచ్చ దీపం రెండూ చక్కగా వెలిగాయి. ఈ పని చేసింది ఇంకెవరో అయితే ఇక్కడ వాళ్ల మీద ఎంత నిప్పులు కురిపించేవాణ్నో!

మర్నాడు విచారణ ఆఫీసర్ మొదట సాయిలును అడిగాడు. నేను తలుపు బయట బెంచీ మీద ఉన్నాను. అన్నీ వినిపించాయి.

"టెస్టర్ వాడకుండా జత ఎందుకు తీశావు?"

"టెస్టర్ ఉన్నదని విన్న సార్. ఒక్కసారే సూపిచ్చిండ్రు. మళ్ల కంటితోటి సూడలే."

"అడిగావా?"

"కూలోన్ని సార్. నాకెట్ల ఇస్తరు?"

"అంటే అడగలేదు. రాసుకోండి, అడగలేదు."

"ఏ జత అయినా తియ్యమని సార్ చెప్పిండు" అన్నాడు సాయిలు. తాను అట్లా చెప్పలేదన్నాడు సారు. అప్పుడు సాయిలు, "అన్న ఆడనే ఉండె సార్, అడగండ్రి" అన్నాడు.

నన్ను పిలిచారు. ఆ మాట సంగతి అడుగుతారనుకున్నాను. అడగలేదు. ఒక కాగితం ముందు పెట్టారు. దాని మీద ఒకే ప్రశ్న టైపు చేసి ఉంది: ఘటన జరిగిన రోజు సంబంధిత పరికరం ఆఫీసులో ఉందా?

కింద జవాబు రాయడానికి చాలా ఖాళీ ఉంది. తాళం సంగతి రాయొచ్చు. పాడైన బ్యాటరీ సంగతి, తెంపిన దారాల సంగతి, వరండాలో విన్న మాట, అన్నీ రాసినా ఇంకా చోటు మిగిలేది. నేను ‘ఉంది’ అని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం లేదు. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద ద్రోహం ఆ అబద్ధం లేని మాటే.

పరికరం అందుబాటులో ఉన్నా వాడకపోవడం తీవ్రమైన నిర్లక్ష్యం అని తేల్చారు. నేను రిజర్వేషన్ కౌంటర్ ఆపితే పొరపాటు, సాయిలు కాలేజీ లైన్ ఆపితే నిర్లక్ష్యం. అతని పేరు పర్మినెంట్ జాబితాలోంచి కొట్టేశారు. రేపటి నుంచి రానక్కర్లేదు అన్నారు. అతని అన్నేళ్ల పనిని అట్లా ఒక్క నోటిమాటతో ముగించారు. సారు చేతులు దులుపుకున్నాడు. ఆరు వారాల్లో నాకు నిజామాబాద్ బదిలీ వచ్చింది.

ఇంత జరిగాక టెస్టర్ లైన్‌మన్ల చేతికి వచ్చిందా అని మీరు అడగొచ్చు. రాలేదు. ఇంకా పెద్ద తాళం వేశారు.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. కంటికి కనపడనిది, చెవికి వినపడనిది మీ తీగలో నడుస్తూ ఉంటుంది. పరికరం చేతికి ఇవ్వకపోతే తీగ ముట్టబోమని అందరూ కలిసి చెప్పండి, ఒక్కడి చేత చెప్పించకండి. మీ పక్కవాడి గురించి ఎవరైనా ఒక్క ముక్కలో జవాబు అడిగితే, కాగితం వెనక్కి తిప్పి మరీ రాయండి.

మోస్రా

ఆ ఫైబర్ టెక్నీషియన్ మాట విన్న వారంలోనే నేను మోస్రా బస్సు ఎక్కాను. గంటలో దిగాను. అన్నేళ్లలో అక్కడికి పోవడం అదే మొదటిసారి. సాయిలు మాత్రం నా రిటైర్మెంట్ సభకు వచ్చాడు, శాలువా కప్పి, భోజనం చేసి, ఏమీ అనకుండా పోయాడు. అతనికి ఏమీ తెలియదని నేను సంబరపడ్డాను.

వ్యవసాయ మోటర్ల స్టార్టర్లు బాగుచేసే చిన్న రేకుల షెడ్డు పెట్టుకున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. చాయ్ చల్లారిపోతున్నా నేను తాగలేకపోయాను. మొత్తం చెప్పేశాను. టేబుల్ మీది ట్రాన్స్‌ఫర్ కాగితం, గీకిన తుప్పు, రాసిన మాట, ఏదీ దాచలేదు.

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు. "నాకు ఎర్కనే అన్నా. నువ్వు రాసిన కాయితం నాకు గా దినమే సూపిచ్చిండ్రు. ‘సూడు, మీ అన్ననే రాసిండు’ అన్నరు."

"మరి నన్ను ఎందుకు అడగలే సాయిలూ? సభకు ఎట్ల వచ్చినవ్?"

"అడిగితే ఏం జేస్తువు? సంతకం ఎనుకకు తీస్కుంటువా?"

తీసుకునేవాణ్ని కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"పని నేర్పినోడివి" అన్నాడు సాయిలు. "గందుకే వచ్చిన సభకు. మాఫ్ చేసి రాలే."

ఇప్పుడైనా పై ఆఫీసుకు అంతా రాసి పంపుతానన్నాను. అతను నవ్వాడు. ఆ సారు రిటైరై ఎక్కడో ఉన్నాడు. బోధన్ పిల్లర్లలో రాగి ఎప్పుడో పోయింది. ఎవరికి పంపుతావు అన్నాడు.

"ఆఫీసుకు వద్దన్నా. నా బిడ్డకు రాసియ్యి."

అప్పుడు చెప్పాడు. ఉద్యోగం పోయిన రోజుల్లో కూతురు మమత తొమ్మిదో తరగతి. సాయిలు తాగి లైన్ తెంపాడని ఊళ్లో పుకారు పుట్టింది. బడిలో పిల్లలు ఆమెను ఆ మాటతో ఏడిపించారు. సాయిలు సాయంత్రాలు కల్లు తాగేవాడు, ఆ ఊళ్లో ఎవరు తాగరు? కానీ పని మీద ఏ రోజూ తాగలేదు. ఆ ముక్క కూతురికి ఎన్నిసార్లు చెప్పినా ఆమె సరే బాపూ అనేదే గాని, నమ్మినట్టు అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

"గిప్పుడు మంచిగనే సూస్తది. దవఖానల నర్సు. పైసలు గూడ పంపుతది. గాని గా సంగతి వస్తే మొకం అటు తిప్పుతది. నేను జెప్తే గది తాగినోని మాట లెక్క. నువ్వు రాస్తే ఆఫీసోడు రాసినట్టు."

స్టార్టర్ డబ్బా మీద కాగితం పెట్టుకుని రాశాను. ఇదీ ఆ ఉత్తరం:

"అమ్మా మమతా, నేను మీ బాపుకు పని నేర్పిన మనిషిని. కాలేజీ లైన్ తెగిన రోజు మీ బాపు తాగలేదు. పిల్లర్‌కు పోయేముందు నా పక్కనే ఉన్నాడు, తర్వాత అక్కడ కూడా నేను చూశాను. ఏ జత అయినా తీయమని ఇంజనీరు చెప్పగా నేను విన్నాను. ఆ జత డిజిటల్ లైన్ అని తెలుసుకునే పరికరం అల్మారాలో తాళంలో ఉంది, అది కూడా పాడై ఉంది. గుర్తుగా మీ బాపు కట్టిన దారాలు ఆఫీసు తెంపించింది. చప్పుడు లేకపోతే ఖాళీ అని అతనికి నేర్పింది నేను. విచారణలో ఇవన్నీ దాచి, నా బదిలీ కోసం ఒక్క మాట రాసి మీ బాపు నౌకరీ పోగొట్టాను. తప్పు మీ బాపుది కాదు."

సంతకం పెట్టి, కింద నా పూర్తి పేరు, ఊరు రాశాను. ఆమె బోధన్ బస్సు దిగి వచ్చేదాకా ఉండమన్నాడు సాయిలు. పారిపోవాలని ఉన్నా ఉన్నాను.

ఆమె డ్యూటీ చీరలోనే వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి ఉత్తరం చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. తండ్రి వైపు చూసింది. సాయిలు తలెత్తకుండా స్టార్టర్‌కు మరలు బిగిస్తున్నాడు. ఆమె పోయి అతని పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత అతని చేతిలోని స్క్రూడ్రైవర్ తీసి పక్కన పెట్టి, ఆ చేయి పట్టుకుంది.

అప్పుడు నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"పెద్దబాపూ, గింత ఎర్క ఉండి, గిన్నేండ్లు మీరు యాడున్నరు?"

"నిజామాబాద్‌లనే ఉన్న బిడ్డా" అన్నాను.